గడప మీది చేమంతులు

శరత్కాలము మన గుంటూరు సీమ పొలములపై వెన్నెల నింకను వెదజల్లుచుండగానే సముద్రముల కావలనున్న ఆస్ట్రియా దేశమున చలికాలము పిలువని చుట్టమువలె వచ్చి తిష్ఠ వేసికొని యుండెను. దాన్యూబు నదీజలములనుండి లేచిన ధూమధూసరనీహారము వియన్నా మహానగరమున ప్రవేశించి రాజమార్గముల కిరువైపులనున్న సమున్నతసౌధముల పైయంతస్తులను కనుమరుగు చేసి ఆకులు రాలిన చెట్ల కొమ్మలనుండి బొట్టుబొట్టుగా రాతినేలపై జారుచుండెను. సూర్యుడున్నాడో లేడో చెప్పగలవారు నాడా నగరమున నొక్కరును లేరు. దేవాలయముల ఘంటలు ఆగి ఆగి మ్రోగుచుండెను. నల్లని దుస్తులు ధరించిన స్త్రీలును పురుషులును వృద్ధులును గుంపులు గుంపులుగా నొకే దిక్కునకు సాగిపోవుచుండిరి. వారిలో నవ్వువారు లేరు. బిగ్గరగా మాటలాడువారును లేరు. అయినను ప్రతివారి చేతిలోను చేమంతులుండెను. తెల్లనివి పసుపుపచ్చనివి పిడికెడంతేసి చేమంతులు గంపలకొలదిగా ప్రతి వీథిమూలను అమ్ముడుపోవుచుండెను.

ఆ చేమంతులను చూచి యా నగరమున నానాడు సంతోషించిన మానవు డొక్కడే. ఆయన పేరు గోనుగుంట కోటిలింగము. చిలకలూరిపేటలో పేరుమోసిన పొగాకు వర్తకుడు. జర్మనీ దేశమున బ్రేమెను పట్టణపు వర్తకులతో ముఖాముఖిగా మాటలాడి వచ్చెదనని బొంబాయిలో నోడ నెక్కి ట్రియెస్తులో దిగి రైలులో ఒంటరిగా వచ్చుచుండగా మంచుచేత నా రైలాలస్యమై ఆయన యెక్కవలసిన జర్మనీ రైలు వెడలిపోయెను. మరల తెల్లవారినగాని మరియొకటి లేదు. నలువదియేండ్లు దాటినవాడు. తెల్లని తలపాగాయు మోకాళ్ళు దాటిన నల్లకోటును నుదుట మూడు విభూతిరేఖలును ధరించి యా పరదేశపు స్టేషనులో నిలుచుండగా జనులు తిరిగి తిరిగి చూచిరి. ఆయనయు వారిని చూచి తల పంకించి నవ్వెను. మంచివాడు. మంచి చేయవలెనన్న తొందర యెక్కువ. ఆయనలో నాకు తెలిసిన దోష మింతకంటె లేదు. ఈ కథ కా దోషమే చాలును.

అది కార్తికమాసమున మొదటి సోమవారము. ఆ దినమున నక్షత్రదర్శన మగువరకు నుపవసించి దీపము పెట్టి గాని కోటిలింగము పచ్చిమంచినీరైన ముట్టడు. దానికొక కారణము కలదు. ఆయన చిన్నతనమున తండ్రి సన్నిపాతజ్వరమున పడి వైద్యులు చేతు లెత్తివేసిన కార్తిక సోమవారమున తల్లి యా గది గడపకు పసుపుకుంకుమలు పూసి గడప పొడవునను చేమంతులు పరచి నడుమ దీపముంచి తెల్లవార్లును కూర్చుండెను. వేకువను తండ్రికి చెమట పోసి జ్వరము విడిచెను. ఆయన లేచి గంజి యడిగెను. ఆ గంజి మాట చెప్పునప్పుడెల్ల కోటిలింగము కన్నులు తడియగును. మందులు పనిచేయుటయు మానుటయు ఆయన యెరుగును గాని గడప మీది దీపము పనిచేయకపోవుట మాత్ర మాయన యెన్నడును చూడలేదు.

స్టేషను వారు చూపిన బస దగ్గరలోనే యొక పాతయింటి రెండవ యంతస్తున నుండెను. ఆ యిల్లు లోరెంజు అను వృద్ధునిది. ఆయన జీవితమంతయు గడియారములు బాగుచేసి బ్రదికినవాడు. భార్య హెర్మీన బాటసారులకొక గది యిచ్చి యిల్లు నడుపుచుండెను. కుమార్తె ఒటీలియ బాలికల పాఠశాలలో ఇంగ్లీషు చెప్పునట్టి అవివాహిత. తలుపు తీయగానే కోటిలింగమునకు కనబడినవి గోడల నిండను గడియారములు. పెద్దవి చిన్నవి లోలకములు గలవి బొమ్మలు గలవి. వానిలో నొక్కటియు నడచుట లేదు. అన్ని గడియారములున్న యింట నంత నిశ్శబ్దము వినుట యాయనకు మొదటిసారి. ఆ యుదయమున హెర్మీన రొట్టె తేగా నక్షత్రము వచ్చువరకు వలదని యాయన సైగ చేసెను.

ఒటీలియ యాయనను గదికి తీసికొనిపోయి తలుపు చేరవేసి మెల్లగా మాటలాడెను. ఆమెది బడిపుస్తకపు టింగ్లీషు. ఆయనది గుంటూరు బజారు టింగ్లీషు. అర్థము కావలసినంతవరకు నిరువురకు నర్థమయ్యెను గనుక దానిని తెలుగుననే చెప్పుచున్నాను.

"అయ్యా, ఈ యింట గట్టిగా నడువరాదు. మా తండ్రిగారి యూపిరితిత్తులకు జ్వరము సోకినది. నేటి రాత్రి యది తగ్గుముఖము పట్టవలెనని వైద్యుడు చెప్పినాడు. పట్టినచో బ్రదుకుదురు. గుండె బలహీనముగా నున్నది. బెదరరాదు. లేవరాదు."

"అట్లాగే తల్లీ. మంచే జరుగుతుంది. మా నాన్న కూడా ఇట్లాగే పడి లేచాడు."

"మరియొక మాట. రేపు ఏ దినమో ఆయనకు తెలియరాదు. ఆయన గదిలోని గడియారము తేదీని కూడ చూపును. అందుచే దాని నాపితిమి. ఒక్కదానినే యాపిన అనుమానించునని అన్నిటిని ఆపితిమి. ఘంటలు వినబడకుండ కిటికీలకు దూది కుక్కితిమి. మీరును ఆ మాట యెత్తకుడు."

కోటిలింగము తల యూపెను. ఎందుకని యడుగలేదు. ఒటీలియయు చెప్పలేదు. ఆ నగరమున బుట్టినవారికి చెప్పనక్కరలేని సంగతిని పరాయివానికి చెప్పవలెనన్న తలపు ఆమెకు తోచలేదు. ఆమె చెప్పనిదానిని చదువరులకు నేను చెప్పెదను. రేపు మృతుల దినము. ఏడాదికొకసారి ఆ దేశపు జనులు తమవారి సమాధులకేగి దీపములు పెట్టి చేమంతు లుంచి వత్తురు. చేమంతి యచ్చట చచ్చినవారి పువ్వు. బ్రదికినవాని యింటికి దానిని తీసికొనిపోవువాడు లేడు. లోరెంజు తండ్రి ఆ దినముననే పోయెను. అన్నయు ఆ దినముననే పోయెను. ఆ దినమున తమవారు తనను పిలుచుకొనిపోవుదురని వృద్ధునకు చిరకాలముగా నొక భయము పట్టుకొని యుండెను. ఈ జ్వరముతో నది పెరిగి గదిలోనికి వచ్చినవారినెల్ల నొకటే ప్రశ్న యడుగుచుండెను.

ఆ ప్రశ్న కోటిలింగమును గూడ నడిగెను. అతిథిని చూడవలెనని వృద్ధుడే కబురంపగా ఒటీలియ యాయనను తండ్రి మంచము కడకు తీసికొనిపోయెను. దుప్పటిలో మనిషి సగమే యున్నట్లుండెను. తెల్లని గడ్డమును పెద్దవైన కన్నులును మాత్రము కనబడుచుండెను. ఆయన తలపాగా వంక వింతగా చూచి చేయి చాచి కోటిలింగము వ్రేలు పట్టుకొని యేదియో యనెను. ఆ చేయి నిప్పువలె కాలుచుండెను.

"ఇది యే దినమని యడుగుచున్నారు" అని చెప్పి ఒటీలియ తండ్రివైపు తిరిగి తమ భాషలో జవాబు తానే చెప్పెను. ఆ జవాబబద్ధమని ఆమె మెడ యెఱ్ఱబడుటచేత కోటిలింగమునకు తెలిసెను. వృద్ధుడు నమ్మినట్లు కనులు మూసికొనెను గాని పట్టిన వ్రేలు విడువలేదు. చాలసేపటికి నిద్ర పట్టిన పిమ్మటనే యా వ్రేళ్ళు సడలెను. తండ్రి పోయి పదియేండ్లైన కోటిలింగమునకు ఆ పట్టు తన తండ్రి పట్టుగానే తోచెను.

గదికి వచ్చి కిటికీలోనుండి క్రిందికి చూచెను. చేమంతులు. మరల చేమంతులు. కొందరి చేతులలో ఎఱ్ఱని గాజుబుడ్లలో దీపములు. కార్తిక సోమవారమున పూలును దీపములును పట్టుకొని యొకే దిక్కునకు పోవు జనమును చూచిన తెలుగువాడేమి యనుకొనునో ఆయనయు నదే యనుకొనెను. రేపేదో పెద్దపండుగ. నేటినుండియే జనులు గుడికి పోవుచున్నారు. ముసలివానికి తెలిసిన లేచి పోయెదనని పట్టుపట్టునని యింటివారు దాచుచున్నారు.

"పాపం, పండగపూట పెద్దాయన్ని చీకట్లో పడుకోబెట్టారు. పూవన్నా లేదు, దీపమన్నా లేదు. ఇంకెట్లా లేస్తాడు?" అని తనలో తాననుకొనెను. అనుకొన్న వెంటనే ఏమి చేయవలెనో యాయనకు తెలిసిపోయెను. తెలిసినదన్న సంతోషముతో కోటు తొడిగికొని వీథిలోనికి దిగెను.

మూలనున్న పూల ముసలమ్మ ఆయన ముఖము చూచి యేదియో జాలిగా ప్రశ్నించెను. ఆయన అలవాటు చొప్పున తల యూపెను. ఆమె తన గుండెపై చేయి వేసికొని బుట్టలో నున్నవానిలో మేలైన తెల్లచేమంతులను పచ్చచేమంతులను ఏరి గుత్తిగా కట్టి నల్లని పట్టుదారము ముడి వేసెను. ఎఱ్ఱగాజు దీపము నొకదానిని వెలిగించి నోటితో గట్టిగా నూది చూపెను. మంట కదలలేదు. గాలికి వానకు ఆరని దీపమన్నమాట. దానిని చూచి కోటిలింగము చంటివానివలె మురిసెను. ఎన్ని కార్తికములలో ఎన్ని ప్రమిదలు గాలికారి తల్లి మనసు కలత పెట్టినవో యాయన కెరుకయే. సంతోషమున నామెకు నమస్కరించెను. ఆమె యాయన చేతిపై తట్టి కన్ను లొత్తుకొనెను. ఈ దేశమున బేరగాండ్రు కూడ నెంత భక్తి గలవారని యాయన మెచ్చుకొనుచు నాలుగడుగులు నడచి నల్లదారము మంచిది కాదని విప్పి మురుగుకాలువలో పారవేసెను. అశుభము నంతవరకే గుర్తుపట్టగలిగెను.

ఇంటికి వచ్చుసరికి ఒటీలియ వైద్యునికొరకు పోయి యుండెను. హెర్మీన వంటగదిలో అవిసెగింజల పట్టు కాచుచు నీటియావిరిలో నుండెను. చెప్పి చేయవలెనని కోటిలింగమునకు క్షణమాత్రము తోచెను గాని చెప్పుకొన్న పుణ్యము తరుగునన్న నమ్మక మాయనను వెనుకకు లాగెను. కాళ్ళు చేతులు కడుగుకొని కోటు విప్పి మడిపంచె కట్టుకొనెను. పెట్టెలోని భరిణె తీసి వృద్ధుని గది గడపకు పసుపు పూసి కుంకుమ బొట్లు పెట్టెను. గడప పొడవునను చేమంతులు పరచెను. ఒక తెలుపు ఒక పసుపు ఒక తెలుపు ఒక పసుపు. తల్లి పరచినట్లే. నడుమ నెఱ్ఱదీప ముంచి మోకరించి చేతులు జోడించెను.

"స్వామీ, మా నాన్నను లేపినట్టే ఈ పెద్దాయన్ని కూడా లేపు. తెల్లారేసరికి లేచి గంజి అడగాలి. నీకు పుణ్యముంటుంది."

తలుపు క్రింది సందున నెఱ్ఱని వెలుగు లోపలికి జారెను. అంతవరకు గదిలో వినబడుచున్న దగ్గు చప్పున నాగిపోయెను. దేవుడు విన్నాడని కోటిలింగ మనుకొనెను. కన్నీరు తుడుచుకొని కోటు తొడిగి చప్పుడు కాకుండ మెట్లు దిగెను. మంచులో నక్షత్రము కనబడు నాశ లేదు. ఇంత జనము పోవుచున్న ఆ గుడిలోని దేవుని దర్శించి యుపవాసము విడువవలెనని ఆయన యుద్దేశము.

చేమంతులతో క్రిక్కిరిసిన ట్రాములో నాయనకు కూర్చుండ చోటిచ్చిరి. పూలవాసనయు తడిసిన ఉన్నివాసనయు ట్రాము నిండను క్రమ్ముకొనెను. నగరము వెనుకబడెను. దీపస్తంభములు పలుచబడెను. ట్రాము ఒక పొడుగాటి గోడ ప్రక్కన నాగెను. జనులందరు దిగి యొక పెద్ద యినుపద్వారమున లోపలికి పోయిరి. ఆయనయు పోయెను.

లోపల గుడి లేదు. కనుచూపు మేర యెఱ్ఱదీపములు. సంజెవేళ మంచులో నవి నేలనుండి మొలిచినట్లు వరుసలు వరుసలుగా వెలుగుచుండెను. ఒక్కక్షణము కోటిలింగము పులకించెను. కృష్ణానదీతీరమున కార్తికదీపములు తేలినట్లే యుండెను. ఆయన చేతులు తమంతట తాము జోడుపడెను. పిమ్మట కన్ను చీకటి కలవడి దీపముల వెనుక నేమున్నదో కనబడెను. రాళ్ళు. రాళ్ళపై పేర్లు. శిలువలు. ఆయన ప్రక్కనే యొక పడుచుస్త్రీ నేలపై వంగి తడిమట్టిని నిద్రపోవు బిడ్డపై దుప్పటి సవరించినట్లు చేతితో సవరించి తెల్లచేమంతులు పరచి నడుమ నెఱ్ఱదీప ముంచెను. తాను పరచినట్లే. తాను పెట్టినట్లే.

ఆయనకెవరును చెప్పనక్కరలేకపోయెను. ఆగిన గడియారములు దూది కుక్కిన కిటికీలు పూలముసలమ్మ కన్నీరు నల్లదారము ఇది యే దినమన్న ప్రశ్న అన్నియు నొక్కసారిగా నర్థమయ్యెను. ఆగిపోయిన యా దగ్గును అర్థమయ్యెను.

"అయ్యో, నేనేం చేశాను!" అని తెలుగున కేక వైచి యాయన వచ్చిన జనమున కెదురు పరుగెత్తెను. తలపాగా యెక్కడనో పడిపోయెను. ట్రాములన్నియు శ్మశానమునకు వచ్చునవేకాని పోవునది లేదు. వచ్చిన యొకటి నిండియున్న జనమును మెల్లగా దింపి మెల్లగా తిరిగి మెల్లగా కదలెను. దాని కమ్మి పట్టుకొని నిలుచుండి యాయన చేసిన ప్రార్థన యే తెలుగు నోటను కార్తిక సోమవారమున వచ్చియుండదు. "స్వామీ, ఆ దీపం ఆర్పెయ్. గాలి పంపు. ఆ తల్లి కాలైనా తగిలి దొర్లిపోవాలి. ఎట్లాగన్నా ఆర్పెయ్." దీప మారిన చాలునని బ్రదుకంతయు దీపముపెట్టినవాడు కోరెను. గాలికి వానకు ఆరని దీపమని తానే సంతోషించి తెచ్చిన సంగతి జ్ఞప్తికి వచ్చి తల కమ్మికి మోదుకొనెను.

మెట్లెక్కి వచ్చుసరికి ఇంటితలుపు బార్లా తెరచి యుండెను. నడవ యంతయు నెఱ్ఱగా నుండెను. దీపము వెలుగుచునే యున్నది. దాని కీవల చేమంతుల నడుమ హెర్మీన నేలపై కూర్చుండి యుండెను. లోరెంజు తల యామె యొడిలో నుండెను. వైద్యుడు తన సంచిని మూయుచుండెను. ఒటీలియ గోడ కానుకొని యుండి కోటిలింగమును చూచి కదలలేదు.

"అమ్మ తలుపు చప్పుడు విని వచ్చినది" అని యామె పాఠము చెప్పునట్లు నెమ్మదిగా ననెను. "తండ్రిగారు లేచి తలుపు తీసి నిలుచుండిరి. పూలవంక చూచిరి. అప్పుడే తెచ్చితిరా అని యడిగిరి. అంతియే. కూర్చుండిరి. మరల లేవలేదు."

కోటిలింగము నోట వచ్చిన మాట యిది. "మా దేశంలో మనిషి బతకాలని ఇట్లా పెడతామమ్మా. మా అమ్మ పెట్టింది. మా నాన్న బతికాడు. ఒట్టు తల్లీ, బతకాలనే పెట్టాను."

ఒటీలియ యా మాటలు తల్లికి చెప్పెను. చెప్పి ముఖము త్రిప్పుకొని తన గదిలోనికి పోయి తలుపు వేసికొనెను. తెల్లవారి కోటిలింగము పోవు వరకు నా తలుపు తెరువబడలేదు. ఆమెను నేను తప్పుపట్టజాలను.

వైద్యుడును కోటిలింగమును వృద్ధుని మంచముపై పరుండబెట్టిరి. వైద్యుడు వెడలిన పిమ్మట కోటిలింగము గడప కడకు వచ్చి వంగి దీపమును తీయబోయెను. హెర్మీన వచ్చి యాయన చేతిని పట్టుకొనెను. ఇంగ్లీషున నామెకు తెలిసిన మాటలు బహుకొద్ది. వానిని వెదకి వెదకి పేర్చెను.

"ఉండనిమ్ము. ఇప్పుడవి యుండవలసిన చోటనే యున్నవి."

ఆయన ఘొల్లుమని యేడ్చెను. తన తండ్రి పోయినప్పుడు కూడ నట్లేడ్వలేదు. ఆమె యాయనను తిట్టిన బాగుండెడిది. వీథిలోనికి గెంటిన నింకను బాగుండెడిది. ఆమె యటుల చేయలేదు. ఆయన ముఖము వంక కొంతసేపు చూచి ఏదియో జ్ఞప్తికి వచ్చినదానివలె వంటగదిలోనికి పోయి బల్లపై గుడ్డ పరచి రొట్టెయు వెచ్చని పాలును తెచ్చి పెట్టెను. ఉదయమున నాయన రొట్టె నిరాకరించి నక్షత్రము వచ్చువరకు తిననని వ్రేలితో నాకాశమును చూపిన సంగతి యామె మరువలేదు. కుర్చీ లాగి చూపెను.

చదువరులారా, శవమున్న యింట మనవారు మంచినీరు ముట్టరు. కోటిలింగము నిష్ఠాపరుడు. బంధువుల యిండ్లలో నిట్టి సమయమున నాకలితో నున్నను గడప దాటి బయట నిలిచినవాడు. ఆయన యా కుర్చీలో కూర్చుండెను. రొట్టె త్రుంచి పాలలో ముంచి నోట పెట్టుకొనెను. గొంతు దిగలేదు. మరల మ్రింగెను. ప్రక్కగదిలో మృతుడైన భర్త యుండగా నా ముసలి యిల్లాలు బల్లకెదురుగా నిలుచుండి ఆయన తినుచున్నంతసేపును చూచుచుండెను. పాత్ర ఖాళీ యైనపిమ్మట మరికొన్ని పాలు పోసెను. వానిని గూడ నాయన త్రాగెను. ఆ దినమున విధింపబడిన శిక్ష యదియొక్కటియే.

మనము మంచి యనుకొని చేసినది యెదుటివాని గుమ్మమున నేమగునో చూచుకొనుట కొక్కమాట యడిగిన చాలియుండెను. ఆ యొక్కమాట నడుగుటకు కోటిలింగమునకు సిగ్గు లేదు గర్వము లేదు. అక్కర యున్నదని తోచకపోవుటయే లోపము. తెల్లవారి పెట్టె చేతబట్టుకొని యాయన గది వెలుపలికి వచ్చునప్పటికి హెర్మీన మంచము ప్రక్కన కుర్చీలో నిద్రించుచుండెను. పసుపు పూసిన గడప మీద చేమంతులు వాడలేదు. ఆయన మెట్లు దిగుచు నొకసారి వెనుదిరిగి చూచెను. దీప మింకను వెలుగుచునే యుండెను.